మా బావ కొలవని చెయ్యి

మా బావ రివాల్వర్లకు చెక్క పిడులు చేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. అందులో ఒక పనిబల్ల, రకరకాల ఆకురాళ్ళు, గరుకు కాగితాలు, కిటికీ పక్కన ఆరబెట్టిన చెక్క ముక్కలు ఉంటాయి. వీధిలో ఎవరు ఎదురుపడినా ఆయన చెయ్యి కలుపుతాడు. మర్యాద అనుకునేరు, అదేం కాదు. ఆ రెండు క్షణాల్లో అవతలివాళ్ళ అరచేతి వెడల్పూ వేళ్ళ పొడవూ పసిగట్టేస్తాడు. నా పెళ్ళిచూపులకు వచ్చి, అమ్మాయి ఎలా ఉందని అడిగితే చిటికెనవేలు కాస్త పొట్టి అన్నాడు.

దుకాణానికి వచ్చినవాళ్ళు ముందుగా నిగనిగలాడే పిడి మీద చెయ్యి వేస్తారు. హోదా ఉన్నవాళ్ళయితే అన్నిటికన్నా లావుపాటిది ఎత్తుకుంటారు. బావ మాత్రం వాళ్ళను కళ్ళు మూసుకుని ఒక మైనపుముద్దను పిడికిట్లో పట్టుకోమంటాడు. అచ్చు పడ్డాక, దానికి తగ్గ పిడి బిగించి, రివాల్వర్ గుండ్ల చక్రం తెరిచి ఖాళీ అని చూపించి, గోడమీది నల్లచుక్క వైపు కళ్ళు మూసుకునే ఎత్తమంటాడు. కళ్ళు తెరిచేసరికి గొట్టం చుక్కకు సూటిగా ఉంటే పిడి కుదిరినట్టు. లేకపోతే కాళ్ళావేళ్ళా పడినా ఆ పిడి అమ్మడు. ఒకసారి ఆరడుగుల అధికారికి, మీది చిన్న చెయ్యి అని మొహం మీదే చెప్పాడు. ఆయన రుసరుసలాడుతూ వెళ్ళిపోయి, వారం తిరక్కుండా వచ్చి చిన్న పిడే పట్టుకెళ్ళాడు. ఆ కథ మా ఇంటిల్లిపాదికీ కంఠోపాఠం.

మా అక్క బ్యాంకు డబ్బు మోసే వ్యానుకు కాపలా ఉద్యోగి. రివాల్వర్ కంపెనీది. పిడి మాత్రం ఎవరికి కుదిరింది వాళ్ళు బిగించుకోవచ్చు. ఏటా గురిపరీక్ష పెడతారు. ఇరవై గుండ్లలో పద్నాలుగు నల్ల వలయంలో పడాలి. ఈ ఏడు అక్కవి తొమ్మిదే పడ్డాయి. పది రోజుల్లో ఇంకొక్క అవకాశం ఇచ్చారు, అదీ పోతే ఉద్యోగం పోయినట్టే. ఆ ఉద్యోగమంటే ఆవిడకు ప్రాణం. గురిమైదానంలో అట్టలు మార్చే పని నాదే కాబట్టి, ఆ తొమ్మిది చిల్లుల అట్ట విప్పింది కూడా నేనే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సంగతి చెబితే బావ ముందు గుండ్లను తిట్టాడు, తర్వాత గాలిని, చివరికి నా అట్టలను. పిడి మాట ఎత్తేసరికి ఒంటికాలి మీద లేచాడు. ఎందుకంటే అది ఆయన స్వయంగా, కిందటేడు పరీక్ష అయ్యాక, ఒక్కో వేలికి ఒక్కో గాడి తీసి ముచ్చటగా చేసి ఇచ్చిన పిడి. కొలత తీసుకున్నావా అని అడిగాను.

"మీ అక్క చెయ్యి నాకు తెలీదేంట్రా? ఇరవయ్యారేళ్ళ కాపురం."

అక్క కూడా తక్కువదేం కాదు. మైదానంలో ప్రతి గుండుకీ పట్టు వదిలి మళ్ళీ పట్టుకోవడం నేను చూశాను. ఇంట్లో సీసా మూతలు ఎడమచేత్తో తిప్పుతోంది. గుచ్చిగుచ్చి అడిగితే, పిడి బాగాలేదంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడని నా నోరు మూయించింది. ఇద్దరికిద్దరే. ఇలా ఆరు రోజులు గడిచిపోయాయి.

ఏడో రోజు పొద్దున్నే అక్కను లాక్కొచ్చి దుకాణంలో గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టాను. కొత్త గిరాకీ వచ్చింది, కొలత తీసుకోమని బావతో అన్నాను. ఆయన నవ్వుతూనే మైనం ఇచ్చాడు. అక్క కళ్ళు మూసుకుని పట్టుకుంది. చెయ్యి తీశాక చూస్తే చిటికెనవేలి అచ్చు పడనే లేదు. ఉంగరపువేలి కణుపు ఉన్నచోట మాత్రం మైనం గుంటపడింది.

బావ నవ్వు ఆగిపోయింది. అక్క చెయ్యి అందుకుని ఒక్కో కణుపూ నొక్కి చూశాడు. అన్నీ వాచి ఉన్నాయి. ఆయన తీసిన గాడుల మధ్య గట్లు సరిగ్గా ఆ వాపుల మీదే ఒత్తుకుంటున్నాయి.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"ఏడాది దాటింది."

"నాతో చెప్పొద్దూ?"

"ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ పట్టుకుని చూస్తారు కదండీ. ఎప్పుడో ఒకప్పుడు నాదీ చూస్తారనుకున్నా."

బావను ఆటపట్టించడానికి అంతకన్నా మంచి అదను జన్మలో దొరకదు. కానీ ఆయన మొహం చూస్తే జాలేసింది.

ఆ రోజే అక్కను డాక్టరుకు చూపించాడు. వచ్చీ రాగానే కొత్త చెక్క తీశాడు. ఈసారి గాడులు లేవు. వేళ్ళు పూర్తిగా ముడవక్కర్లేకుండా అరచేతి దగ్గర నిండుగా ఉంచాడు. కాస్త గీకడం, అక్కను పిలిచి కళ్ళు మూసుకుని ఎత్తమనడం, మళ్ళీ గీకడం. మూడు పిడులు పాడయ్యాయి. నాలుగోదానికి గొట్టం చుక్క మీద నిలిచింది.

పరీక్షలో పదిహేను పడ్డాయి. నమ్మలేక నేను మూడుసార్లు లెక్కపెట్టాను. కంచె అవతల నిలబడ్డ బావ అట్ట వైపు ఒక్కసారి కూడా చూడలేదు, అంతసేపూ అక్క వేళ్ళనే చూస్తున్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం దుకాణం తెరవకముందే అక్కను స్టూలు మీద కూర్చోబెడతాడు. చలికీ ఎండకీ వాపు మారుతుందట, కొలత సరిచూడాలట. గిరాకీలకు ఐదు నిమిషాల్లో అయ్యే పని అక్కకు అరగంట పడుతుంది. మైనం కూడా వాడడు. మొన్న ఉండబట్టలేక, ఏమైనా తేడా వచ్చిందా బావా అని అడిగాను.

"ఇంకా చూస్తున్నాను, నువ్వెళ్ళు," అన్నాడు, అక్క చెయ్యి వదలకుండా.