కింద నుంచి పైకి

ఆ వీధిలో ఆమెను అందరూ ఆప్షన్లక్క అంటారు. రెండు కంప్యూటర్లూ ఓ ప్రింటరూ పట్టే గదిలో పద్నాలుగేళ్ళుగా సీట్ల కౌన్సెలింగ్‌కి పిల్లలు కోరుకునే కాలేజీల వరస, అంటే ఆప్షన్లు, ఆన్‌లైన్‌లో నింపిపెడుతోంది. అందులో ఇంజనీరింగ్ ఫిజిక్స్ అంటే మరీనూ. చుట్టుపక్కల ఆ కోర్సున్న కాలేజీలు తొమ్మిదే. కొండ మీది కాలేజీకి అందరూ ఎగబడతారు, అక్కడ లేజర్ ల్యాబులో పరికరాలు పిల్లల చేతికే ఇస్తారు. దాని తర్వాత స్టేషన్ పక్కది, బిల్డింగ్ పాతదే గానీ పాఠం బాగా చెబుతారు. ఇక అద్దాల కాలేజీ ఉందే, బయటంతా తళతళ, లోపల సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. ఇవన్నీ ఆమెకు నోటికొచ్చు.

వచ్చి ఏం లాభం? పోయినేడాది సొంత కూతురికి చిట్టచివరి కాలేజీలో కూడా పదకొండు ర్యాంకుల తేడాతో సీటు తప్పింది. ఆ పిల్ల నోరెత్తకుండా కామర్స్‌లో చేరింది.

ఈ ఏడు తోడికోడలి కూతురికి ర్యాంకొచ్చింది. మామూలు ర్యాంకా అది! కొండ మీది కాలేజీ కళ్ళు మూసుకుని ఇస్తుంది. అంతా నీ చేతుల్లోనే ఉందక్కా అని తోడికోడలు ఫోన్లో తీయగా అనేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నా కూతురికి లేనిది దీని కూతురికా అనుకుంది. పైకి మాత్రం, పంపించవే, నేను చూసుకుంటాగా అంది.

పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. నోట్లో వేలు పెడితే కొరకడం రాదు దానికి. ఆప్షన్లక్క టకటకా నింపుతూ అద్దాల కాలేజీని ఒకటో వరసలో పెట్టేసింది, కొండ మీది దాన్ని మూడో వరసకు దించింది. ఏది పైనుంటే, అందులో సీటుంటే, అదే ఖాయం. కిందివన్నీ గల్లంతు. ఒక్కసారి లాక్ చేస్తే ఇక మార్చడానికి ఉండదు.

ఆ షాపులో ఒక పద్ధతుంది. లాక్ చేసే ముందు పిల్లలు జాబితాను కింద నుంచి పైకి చదవాలి. పై నుంచి చదివితే కళ్ళు అలవాటు కొద్దీ జారిపోతాయి, తప్పు దొరకదు. ఇవాళ ఆమె ఆ ఊసే ఎత్తకుండా మౌస్ అందుకుంది.

"కింద నుంచి చదవాలట కదా పెద్దమ్మా, అక్క చెప్పింది," అంటూ పిల్ల సంచీలోంచి మడత కాయితం తీసి, వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పైకొచ్చి ఆగిపోయింది. "ఇందులో కొండ మీదిది మొదటుంది. నువ్వు వేరేది పెట్టావంటే ఏదో తెలిసే పెట్టుంటావులే. ఉంచేద్దామా?"

ఆప్షన్లక్క కాయితం కేసి చూసింది. కాలేజీ కోడ్లలో '7' ఉన్న ప్రతిచోటా దాని నడుం మీద చిన్న గీత. అది తన కూతురి రాత. పోయినేడాది తన కోసం రాసుకున్న వరసనే అక్క నాకిచ్చింది అని పిల్ల చెప్పింది.

తప్పు పడిందమ్మా అని గొణిగింది ఆప్షన్లక్క. పడిందట! సిగ్గుతో పిల్ల వైపు చూడలేకపోయింది. కొండ మీది కాలేజీని ఒకటో వరసకు ఎక్కించి, మళ్ళీ కింద నుంచి పైకి తనే బయటికి చదివి, లాక్ చేసింది.

"ఆ కాయితం ఇలా ఇచ్చి వెళ్ళవే," అంది.

"పోగొట్టకుండా తెచ్చి తన చేతికే ఇమ్మంది అక్క, పెద్దమ్మా. దాచుకుంటుందట."