పాస్ అవుట్ అయిన ఫ్రెంచి నటి

అమెరికాలో పార్సిప్పనీకి వచ్చిన రెండో ఏడాది కాలేజీలో సినిమా కోర్సులో చేరాను. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. ఇంట్లో కూర్చుని కూర్చుని నా నోరు మూతపడిపోతోందని భయం పట్టుకుంది. కోర్సు పాసవ్వాలంటే ఒక నటి జీవితం గురించి క్లాసు ముందు నిలబడి మాట్లాడాలట. మాట్లాడకపోతే ఫెయిలే. పిజ్జా ఆర్డర్ చేయడానికి కూడా మా ఆయన్ని ముందుకు తోసే మనిషిని నేను!

లైబ్రరీలో ఒక ఫ్రెంచి నటి డీవీడీలు, ఆవిడ మీద ఒక పుస్తకం దొరికాయి. ఆవిడ నాకు తెగ నచ్చేసింది. ముక్కు పొడుగని మొదట్లో నటన స్కూళ్లలో అందరూ వెనక్కి పంపేశారట. పిల్లలు పుట్టాక చాలా ఏళ్లు తెర మీద కనపడలేదు. నలభై దాటాక తిరిగొచ్చి, తల్లి వేషాలు నాకొద్దని మొండికేసి, మళ్లీ కథానాయికే అయింది. భలే మనిషి! తిరిగొచ్చిన మొదటి సినిమాలో తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. గదిలో వాళ్లంతా ఏవేవో అంటుంటే కంగారు పడకుండా అందరి వైపూ చూసి, అప్పుడు నోరు విప్పుతుంది. ఆ సీను వెనక్కి తిప్పి తిప్పి చూశాను.

"ఫ్రెంచి సమజైతుందా నీకు?" అని మా ఆయన ఆటపట్టించేవాడు. ఆయనది వరంగల్, మాది తెనాలి.

"ఆవిడ చూపు అర్థమవుతోంది లెండి," అనేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. చేతిలో కాగితం వైపే చూస్తూ మొదలుపెట్టాను. నటన స్కూల్లో ఆవిడ పాస్ అవుట్ అయిందని, వెంటనే సినిమాలో వేషం ఇచ్చారని ఇంగ్లీషులో చెప్పాను. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో పాపం! పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నారు. వాళ్ల నాన్న ఫొటోలు కూడా తీశాడు," అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. పాస్ అవుట్ అంటే ఇక్కడ స్పృహ తప్పి పడిపోవడమని టీచరు మెల్లగా చెప్పాడు. నా పరువు గంగలో కలిసింది. ఒళ్లు కూడా మండింది. చక్కగా చదువు ముగించడానికి మనం వాడుకునే మాటని వీళ్లు మూర్ఛకి పెట్టుకుంటారా?

పారిపోదామని తలుపు వైపు చూశాను. తలుపు చూడగానే ఆ నటి గుర్తొచ్చింది. ఆగిపోయాను. నింపాదిగా అందరి వైపూ చూశాను. నవ్వులు సద్దుమణిగాయి.

"ఆవిడ పడిపోలేదు, డిగ్రీ తీసుకుంది. పడిపోయేలా ఉన్నది నేను," అన్నాను.

ఈసారి వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆ తర్వాత మాట ఎక్కడా తడబడలేదు. చివర్లో టీచరు, నువ్వు పాసయ్యావన్నాడు.

పార్కింగ్‌లో మా ఆయన కార్‌లో ఎదురుచూస్తున్నాడు. "ఏమైంది? మంచిగ మాట్లాడినవా?"

"పాస్ అవుట్ అయ్యానండీ!"

"అప్పుడేనా? ఇంకా రెండు సెమిస్టర్లు ఉన్నయ్ గదా?"

అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయనకేమీ అర్థం కాలేదు. దారిలో పిజ్జా షాపు ముందు కారు ఆపి, అలవాటుగా దిగబోయాడు.

"మీరు కూర్చోండి," అని నేనే దిగాను.