పిట్టల దొర కుంచె, సూరయ్య పొగాకు డబ్బా

అది నా గిర్మిట్‌లో, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందంలో, నాలుగో ఏడు. ఫిజీలో లంబాసా దగ్గర ఒక చెరకు ఎస్టేట్ హాస్పిటల్లో నర్సుగా ఉన్నాను. నర్సంటే పెద్ద చదువేమీ లేదు. పుండ్లు కడగడానికి అసహ్యపడనని తెలిసి డాక్టరే నన్ను పొలంలోంచి తీసి అక్కడ పెట్టాడు. ఆయన వారానికోసారి వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ రోగుల మంచీచెడ్డా నాదే.

ఆ ఏడే మా ఎస్టేటుకు పిట్టల దొర వచ్చాడు. ఆయన అసలు పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. అడవి పిట్టల బొమ్మలు వేయడమే ఆయన పని. పిట్టను కొట్టి, తోలు ఒలిపించి, దూది కూరించి, ఎదురుగా పెట్టుకుని ఒక్కో ఈకా గీసేవాడు. తోళ్ళ పనికి కులంబర, అంటే మా ఓవర్సీరు, సూరయ్యను ఇచ్చాడు. సూరయ్య నా జహాజీ అన్న. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు మాకు తోబుట్టువులు. రక్తసంబంధం లేదుగా అని ఎవరైనా అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆరు నెలలకు సూరయ్యను హాస్పిటల్‌కి మోసుకొచ్చారు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, అరికాళ్ళలో తిమ్మిరి. జిగట విరేచనాలని రాసి డాక్టరు మందిచ్చాడు. నాలుగు రోజులకు కాస్త తేరుకుని పొగాకు కోసం గొడవ మొదలుపెట్టాడు.

“సెల్లీ, నా డబ్బా దొర సెడ్డులోన ఉండిపోనాది. తెచ్చీవా?”

“కడుపింకా కుదుటపడనేదు, పొగాకెందుకన్నా నీకు?”

“అది నేకే కుదుటపడనేదు!”

నవ్వొచ్చింది. వెళ్ళి తెచ్చిచ్చాను. పొగాకూ సున్నం అరచేతిలో నలిపి దవడన పెట్టుకుని హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

మూడో రోజుకి మళ్ళీ వాంతులు. మంచం దిగితే కాళ్ళు నిలవడం లేదు. కులంబర గుమ్మంలోంచే కేకలేశాడు. “అంతా బహానా, దొంగ నాటకం! సోమవారం పనిలో కనబడకపోతే కోర్టే!” కోర్టంటే జైలు, పైగా గిర్మిట్ గడువు పెరగడం. సూరయ్య అప్పటిదాకా బతుకుతాడా అని నా దిగులు. గంజి నేనే కాచాను, నీళ్ళు రెండుసార్లు మరిగించాను. పక్క మంచాలవాళ్ళు అవే తాగి లేచి వెళ్ళిపోతున్నారు. ఇతను మాత్రం నా కళ్ళముందే నీరుగారిపోతున్నాడు.

శనివారం దొర చూడ్డానికొచ్చాడు. సూరయ్యకు చూపించాలని సగం వేసిన కులా చిలుక బొమ్మ తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని, కుంచె మొన నాలుక మీద సన్నం చేసుకుని గొంతు దగ్గర ఎరుపు దిద్దసాగాడు. అప్పుడు ఆయన చేతులు చూశాను. సూరయ్య చేతుల్లాగే అరచేతులు కరుకుబారి ఉన్నాయి. గోళ్ళ మీద అడ్డంగా అవే తెల్ల చారలు.

దొర తిండి వేరు, కూలీ తిండి వేరు. ఇద్దరికీ ఒకే రోగమెలా వచ్చింది? ఇద్దరూ ముట్టేది ఒక్కటే, ఆర్సెనిక్ సోప్. పురుగు పట్టకుండా తోలు లోపల రాసే, పాషాణం కలిపిన తెల్లటి సబ్బు. దాన్ని ముట్టిన చేత్తోనే ఒకడు పొగాకు నలుపుతాడు, ఇంకొకాయన కుంచె పట్టి నోట్లో పెట్టుకుంటాడు. దిండు కింద డబ్బా తీసి చూశాను. మూత అంచున తెల్లటి ముద్ద ఎండి ఉంది. సున్నమనుకుందామంటే సబ్బు వాసన.

తెచ్చిచ్చింది నేనే. నా చేతుల్తో నేనే.

చెప్పింది తప్పయితే నన్ను మళ్ళీ పొలానికి తోలేస్తారు. అయినా నోరు ఆగలేదు. “సాహెబ్, బ్రష్ ముహ్ మే నహీ. జహర్.” కుంచె నోట్లో పెట్టొద్దు, విషం అన్నానంతే.

కుంచె పెదవి దగ్గరే ఆగింది. దొర తన అరచేతులు, సూరయ్య అరచేతులు మార్చి మార్చి చూశాడు. వచ్చీరాని హిందీలో, “నలభై ఏళ్ళ అలవాటు” అన్నాడు. కుంచె కింద పెట్టేశాడు.

ఆయన చీటీ రాస్తే డాక్టరు ఆదివారమే వచ్చాడు. కులంబర నోరు మూతపడింది. డబ్బా నేనే గొయ్యి తీసి పాతిపెట్టాను. సూరయ్య బతికాడు, కానీ కాలు ఈడుస్తూనే నడిచాడు. తర్వాత పనసలాంటి ఉతో చెట్టు జిగురుతో పిట్టల్ని ప్రాణాలతో పట్టేవాడు. దొర బొమ్మ వేసుకుని, కాళ్ళు తుడిచి వదిలేసేవాడు. తోళ్ళు ముట్టడం దొర మానేశాడు గానీ, అప్పటికే ఆయన ఒళ్ళు గుల్లయింది. మరుసటి వానల్లో పోయాడు. బొమ్మలన్నీ ఓడెక్కి ఆయన దేశం వెళ్ళాయి. కులా బొమ్మ మాత్రం నాకిచ్చి పోయాడు.

రోగికి తగ్గకపోతే, ప్రేమకొద్దీ నేనేం తెచ్చి పెట్టానో ముందు అదే వెతుక్కోవడం అప్పుడు నేర్చుకున్నాను. ఇంటికొచ్చినవాళ్ళు ఆ చిలుకను చూసి, ఈకలు ఎంత సన్నగా గీశాడమ్మా అని మెచ్చుకుంటారు. ఆ సన్నదనం కోసం ఆయన కుంచెను ఎన్నిసార్లు నోట్లో పెట్టుకున్నాడో నాకు తెలుసు. నేను మాత్రం ఆ ఈకల వైపు ఎక్కువసేపు చూడలేను.