పొయ్యి దగ్గర చదువు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా మనవరాలు సాక్ష్యం చెప్పింది. పిల్లల్ని బడి మాన్పించి, ఇంట్లోనే, దేవుని భయంలో తానే చదివిస్తుందట. సంఘమంతా ఆమేన్ అంది. పక్కనున్నావిడ నా చెయ్యి నొక్కి, "అంతా మీ నాయినగారి దీవెన" అంది. నేను మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాను. విశ్వాసంలో నేనెవరికీ తీసిపోను. ఈ వయసులోనూ కోడి కూయకముందే మోకాళ్ళ మీద ఉంటాను. కానీ ఇంటి చదువు అనగానే నా ముక్కుకు మొదట తగిలేది ఉమ్మి వాసన.

మాది బస్తరు సంస్థానంలో గొల్లపల్లి. నాయిన ఉపదేశి. గోదావరి అవతలి నుంచి వాక్యం చెప్పడానికి వచ్చి, ఆ అడవి పల్లెలోనే ఇల్లు కట్టుకున్నాడు. మేము తొమ్మిదిమంది పిల్లలం. సంస్థానం బడి దూరంగా కోంటాలో ఉండేది, అక్కడ చెప్పేది హిందీ. పైగా పండుగలకు పిల్లలు దేవత ముందు దండం పెట్టాలని నాయిన విన్నాడు. "నా ఇల్లే నా బడి" అని సంఘంలో చాటాడు. ఆ బడికి ఉన్నది ఒకటే పలక. పెద్దవాళ్ళు రాసుకుని, ఉమ్మితో తుడిచి కిందివాళ్ళకు అందించేవారు. నేను ఏడోదాన్ని. నా ఒళ్లోకి వచ్చేసరికి అది జిగురుగా, పుల్లగా, ఆరు నోళ్ళ కంపుతో ఉండేది. ఎండాకాలంలో వాకిట్లో ఆరబోసిన ఇప్పపూల మగ్గిన తీపి వాసన దానికి తోడు. పేలు ఒకరికి పడితే అందరికీ పడేవి. కీర్తన వల్లిస్తూనే ముందు కూర్చున్నవాళ్ళ తలలోంచి ఒక్కొక్కటే తీసి గోటిమీద చిట్లించేవాళ్ళం. దేవుడు క్షమించుగాక, కొన్ని వచనాలు ఇప్పటికీ నాకు ఆ చిటుకుతోనే గుర్తొస్తాయి.

నాయిన బోధన మంచం మీద జరిగేది. ఒకరు కాళ్ళు పిసుకుతుండగా వేపపుల్ల నములుతూ, పీచు గోడవారన ఉమ్మి, "సదువుండ్రి" అనేవాడు. అంతటితో ఆయన పని అయిపోయేది. ఆయన అక్షరాలు దిద్దించింది మా పెద్దక్క ఒక్కదానికే. అన్నతో సహా మిగతా అందరికీ నేర్పింది అక్క. అమ్మ ఎప్పుడూ ఒక బాలింతతనంలోనో, దాని తర్వాతి నీరసంలోనో ఉండేది గనుక వంటా అక్కదే. అందుకని మా చదువు పొయ్యి దగ్గర సాగేది. అక్క గంజి వారుస్తూ ఒక వచనం చెబితే మేం అనేవాళ్ళం. తప్పు పోతే తెడ్డుతో మోకాలి మీద ఒకటి తగిలించేది.

ఒక ఎండాకాలం గోదావరి అవతలి నుంచి అయ్యగారు బండి కట్టుకుని వచ్చారు. మా సంఘాలన్నిటికీ ఆయనే పెద్ద పాదిరి. మా ఇంటి నుంచి ఒకరిని తమ హాస్టలుకు తీసుకెళ్ళి పంతులు చదువు చదివిస్తామన్నారు. "నన్నే పంపుతరు సూడు. ఇంకెవలికొస్తదే?" అంది అక్క నా తల దువ్వుతూ. తనకున్న ఒక్క మంచి చీరను ముందే ఉతికి ఆరేసుకుంది. తీరా ఆ రోజు నాయిన మమ్మల్ని పొడుగు వరసలో నిలబెట్టి, అన్నను ముందుంచి, అక్కను కోడికూర వండమని లోపలికి పంపాడు.

అన్న పొడుగాటి కీర్తన ఒకటి అందుకున్నాడు. సగానికి వచ్చి ఒక వాక్యం నడుమ ఆగాడు, మళ్ళీ అందుకున్నాడు. తర్వాతివాడూ అక్కడే ఆగాడు. ఆ తర్వాతిదీ అంతే. నా వంతు వచ్చింది, నేనూ ఆగాను. అయ్యగారు కళ్ళు తెరిచి, "ఏమయ్యా, అందరూ ఒక్కచోటే ఆగుతున్నారేమిటి?" అన్నారు.

"అది భక్తి అండి అయ్యగారు. ఆడ మనసుల తలుసుకోవాలని నేనే నేర్పిన."

"కాదు నాయినా, ఆడ అక్క పొయ్యి ఊదుతది" అంది మా చిన్నది.

అయ్యగారు పొట్ట కదిలేలా నవ్వి అక్కను పిలిపించారు. అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కీర్తన మొదటి నుంచి చివరి దాకా చెప్పి, ఏ వచనానికి అర్థమేమిటో కూడా చెప్పింది. ఆయన నాయిన వైపు తిరిగారు. "ఈ పిల్లను పంపవయ్యా."

"అది పోతే బువ్వెవలు వండాలె అయ్యగారు? వీళ్ళందరికి సదువెవలు చెప్పాలె?"

అప్పుడే భక్తి తానే నేర్పానన్న నోటితోనే అన్నాడా మాట. ఇంతలో కూర వచ్చింది. అయ్యగారు మీసాలకు పులుసు అంటించుకుంటూ, ఎముక చప్పరిస్తూ, "అదీ నిజమేలే" అన్నారు. భోజనమయ్యాక నాయిన జిడ్డు చేతులు జోడించి, ఇంతమంది బిడ్డలకు చదువు చెప్పే బలం తనకిచ్చినందుకు దేవుణ్ణి స్తుతించాడు. నేను కళ్ళు మూసుకోలేదు.

"ఆ కోడిని అడివిపిల్లి ఎత్తుకపోయినా బాగుండు" అంది అక్క, ఎముకలు కుక్కకు విసిరేస్తూ.

బండిలో అన్న వెళ్ళాడు. వానాకాలం నడుమే తిరిగొచ్చాడు, అక్కడి తిండి పడలేదట. ఆ చోటు ఇంకెవరికో పోయింది. దేవుని చిత్తం అన్నాడు నాయిన. తమ చిత్తాన్ని దేవుని నెత్తిన రుద్దేవాళ్ళంటే నాకు అప్పటి నుంచే రోత. అక్కను పామేడులో ఒక రైతు కుటుంబానికి ఇచ్చారు. ఆమెకు కూతురు పుట్టి, పలక పట్టే వయసు రాగానే అక్క ఆ పిల్లను గోదావరి అవతల హాస్టలులో వేయడానికి బయలుదేరింది. దారిలో మా ఇంటి దగ్గర బండి ఆపింది. నాయిన కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు.

"గంత దూరమేంది బిడ్డా? ఇంట్లనే చెప్పుకోరాదా? నేను మీకు చెప్పలేదా?"

"చెప్పినవు నాయినా. అందుకే పిల్లను తోలుతున్న" అని అక్క ఎడ్లను అదిలించింది.

ఇప్పుడు నాయినా లేడు, అక్కా లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ సంఘం నోట నాయిన ఇంకా ఇంకా మంచివాడవుతున్నాడు. కాలం మనుషులకు ఆ మతిమరుపు ఇస్తుంది. దేవునికి మాత్రం ఇవ్వలేదన్న నమ్మకంతోనే నేను రోజూ మోకాళ్ళూనుతున్నాను.