నాయన కడుపులో గోరోజనం

తెలుగువాళ్లకు కొత్త రాష్ట్రం వచ్చిందని ఊరంతా సంబరపడుతున్న రోజుల్లో, మా ఇంట్లో అందరం కోరుకున్నది ఒక్కటే: మా నాయనకు ఉచ్చ రావాలని.

వచ్చేది కాదు. చుక్కచుక్కగా, నెత్తురు కలిసి, మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయేది. అప్పుడాయన దొడ్లోకి పోయి చేతులూ మోకాళ్లూ నేలకానించి, లోపలి అడ్డు జరుగుతుందేమోనని నడుము అటూ ఇటూ ఊపేవాడు. గొర్రెలు కూడా మొహం తిప్పుకునేవి. సగం పంచెలోనే పడేది. ఆ పంచె ఉతకడం నా వంతు. ఆ కంపు వర్ణించను. ఇంకా అన్నం తినాలి కదా.

లోపల రాయేదో ఉందని, రాళ్లు కరిగిస్తుందనే కొండపిండాకు కషాయం తాగించారు. రాయి కరగలేదు. విరేచనాలు మాత్రం పట్టుకున్నాయి.

చివరికి యర్రగొండపాలెంలో బస్సెక్కించి మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు వంపు తిరిగిన సన్నటి ఇనుప కడ్డీకి నూనె రాసి, ఉచ్చ రావలసిన దారినే లోపలికి పంపాడు. నాయన కేకకు కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. కడ్డీ లోపల దేనికో తగిలి ‘టక్’మంది.

"విన్నావా? రాయి. పెద్దదే," అన్నాడు డాక్టరు, నాకేదో పాట వినిపించినట్టు. పొత్తికడుపు కోసి తీయాలనీ, లేకపోతే ఉచ్చ పూర్తిగా బిగిసి ప్రాణం పోతుందనీ చెప్పాడు.

"నన్ను కోస్తారా? నేనేమన్నా పొట్టేలునా?" అని నాయన బల్ల దిగాడు.

ఆపింది మాతో వచ్చిన మా మేనత్త. "ఏంది అన్నా, అట్ల పోతావు? ఎద్దు కడుపులో రాయి దొరికితే గోరోజనమని కళ్లకద్దుకుంటాం. మనిషిదైతే ఇంకెంత గొప్పదో!"

ఎద్దు పిత్తంలో దొరికే ఆ రాయిని తల్లిపాలలో అరగదీసి చంటిపిల్లల నాలుకకు రాస్తారు మా వైపు. బతుకుతావంటే ఒప్పుకోని మనిషి, లోపల గోరోజనం ఉందంటే ఒప్పుకున్నాడు.

బాతుగుడ్డంత రాయి తీశారు. పసుప్పచ్చగా, గరుగ్గా, తడిగా ఉంది. పక్క మంచం రోగి వాళ్ల ముసలమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఘాటుగా ఉంది. మంచి మందే," అని తేల్చింది. తన మనవడి కోసమని అత్త దాన్ని గచ్చు మీద అరగదీస్తుంటే డాక్టరు వచ్చి లాక్కున్నాడు.

"అది ఉచ్చలో పుట్టిన రాయమ్మా!"

"ఎద్దుది మాత్రం పన్నీట్లో పుట్టిందా సారూ?"

డాక్టరు కాంపౌండరును పిలిచి రాయిని మురికి బకెట్లో పడేయించాడు.

నాయనకు ఆ గొడవ పట్టలేదు. పొట్టలోంచి రబ్బరు గొట్టం వేలాడుతోంది. దాని పక్కనుంచి కారి పరుపు నానుతోంది. గొట్టం తీశాక కూడా ఉచ్చ పుండులోంచే వచ్చింది. మామూలు దారిన వస్తేనే ఇంటికి, లేకపోతే మళ్లీ గొట్టమే అన్నాడు డాక్టరు.

ఒక ఉదయం నాయన నా భుజం పట్టుకుని వరండా చివరికి నడిచి పంచె ఎత్తాడు. వెనక అత్త, ముసలమ్మ, కాంపౌండరు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ముందు చుక్కలు. తర్వాత ధార. నెత్తురు లేదు, ఆగడం లేదు. అత్త ఏడ్చేసింది. నాయన కళ్లు తడిశాయి. నా కాళ్లు అంతకుముందే తడిశాయి.

"పక్కకు జరగరా," అన్నాడు నాయన, ఆపకుండానే.