చెవులకు భయపడి వద్దన్న మందు

సహోదరీ సహోదరులారా, రెండేళ్ల కిందట కర్నూలు ఆస్పత్రి ముందు ఆటో దిగిన నేను నాలుగడుగులు కూడా వేయలేకపోయాను. కీళ్ల జబ్బుకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగడంతో ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిపోయింది, ఆరోగ్యవంతుల్ని ఏమీ చేయలేని ఒక క్రిమి నా ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెచ్చింది. మామూలుగా ఇచ్చే సల్ఫా మందుకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, రెండో మందు పని చేయలేదు, ఆక్సిజన్ పెట్టుకుని కూర్చునే కునికేదాన్ని.

అప్పుడు డాక్టరమ్మ నా మంచం పక్కకు వచ్చి చెప్పింది.

"ఇంకో మందుండాది సుగుణమ్మా, ఆఫ్రికాలో నిద్రజబ్బుకు వాడేది. క్రిమి పెరగాలంటే దాని లోపల పాలీఅమైన్లనే పదార్థాలు తయారు కావాల. ఈ మందు ఆ తయారీనే ఆపుతాది. కానీ రక్తకణాలు తగ్గొచ్చు, చెవులు మందగించొచ్చు."

చెవులనగానే నాకు పాట గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లుగా మన స్త్రీల సమాజంలో పాట ఎత్తేది నేనే కదా! "వద్దు మేడం" అనేశాను.

ఎప్పుడూ గొంతు పెంచని నా భర్త యోహాను ఆ రోజు కోప్పడ్డాడు. "ప్రభువు నీ పాట కోసమే నిన్ను ప్రేమిస్తాండాడా? నువ్వు బతికుంటే చాలు మాకు!"

నేను గోడవైపు తిరిగి ఏడ్చి, ప్రార్థించాను: "ప్రభువా, పాట నాదేనని గర్వపడ్డాను, క్షమించు. చెవులు నీవి, ఊపిరి నీది. ఈ మందు నీ చేతిలోంచే తీసుకుంటాను."

సెలైన్‌లో మందు ఎక్కించారు. వారం తిరగకముందే చెవులు మూసుకుపోయాయి, పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థిస్తే పెదవులు కదలడమే చూశాను, యోహాను నా చెయ్యి నొక్కినప్పుడు ఆమేన్ అన్నాను. రక్తకణాలు పడిపోయి రెండు రోజులు మందు ఆపారు కూడా. అయినా ఆయాసం తగ్గుతూ వచ్చింది, మూడో వారానికి ఆక్సిజన్ తీసేశారు, వార్డు చివరిదాకా నా కాళ్ల మీద నేనే నడిచాను. దేవునికే మహిమ!

కుడి చెవికి వినికిడి తిరిగి వచ్చింది. ఎడమ చెవి ఇప్పటికీ మందమే. మన సమాజంలో పాట ఇప్పుడు రూతమ్మ ఎత్తుతుంది, నాకు బాధ లేదు.

మందు వేసుకుంటే విశ్వాసం తక్కువని కొందరంటారు. క్రిమి ఎలా పెరుగుతుందో కనిపెట్టే జ్ఞానం మనుషులకు ఇచ్చినవాడూ, మొండి మనసును వంచినవాడూ ఒక్క దేవుడేనని నాకు తెలిసింది. రోగాన్ని దాచుకుని భయంతో ఇంట్లో కూర్చున్నవాళ్లెవరైనా మీలో ఉంటే, ఆయనను నమ్మి లేవండి. ఆస్పత్రికి తోడు కావాలంటే నన్ను పిలవండి, పత్తికొండలో బస్సెక్కి మీతో కర్నూలు దాకా వస్తాను. నాకు కుడివైపు కూర్చోండి, అంతే.