అక్కకు కొట్టని గంట

మా అక్క చనిపోతే మా చర్చిలో గంట కొట్టనివ్వలేదు. ముందు ఈ అన్యాయం చెప్పాకే మిగతాది.

దయ్యాలున్నాయనే వాళ్లను నేను బతుకంతా ఎగతాళి చేశాను. బడి మూడో తరగతితో ఆగినా, దొరికిన పుస్తకమల్లా చదివి నా బుద్ధికి నేనే పదును పెట్టుకున్నవాణ్ణి.

నాచారంలోని ఆ రాతి చర్చిని మిల్లు పనికి తమిళదేశం నుంచి వచ్చిన మా నాన్నల తరం కట్టుకుంది. మాలో ఎవరు పోయినా, వాళ్ల వయసుకు ఏడాదికొక దెబ్బ చొప్పున గంట కొట్టేవారు. అది ఆగేదాకా శవాన్ని కదిలించేవాళ్లం కాదు. తరవాత మిల్లు పోయింది, మావాళ్లు చెదిరిపోయారు, తమిళ ఆరాధన ఆపేశారు.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో అక్క పోయింది. "నన్ను గంట లేకుండ పంపకురా తమ్మీ" అని ముందే మాట తీసుకుంది. పొద్దున్నే చర్చి కమిటీ సెక్రటరీ దగ్గరికి పోయాను.

"గంట నాలుక ఊడదీసి బీరువల పెట్టినం తాతా. మోగితే కాలనీవాళ్లు లొల్లి జేస్తున్రు. మైకుల జెప్తం తీయ్. అయినా మీ అరవోళ్లు ఎంతమంది మిగిలిన్రని?"

"పోయినోళ్లను గూడ లెక్కవెట్టు బిడ్డా, మస్తుమందిమున్నం" అన్నాను. నవ్వాడు.

మధ్యాహ్నం మూడింటికి, అక్కకు స్నానం చేయిస్తుండగా గంట మోగింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. నేను వేళ్లు మడుస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

"సెక్రటరీ మనసు గరిగినట్టుందన్నా" అంది పక్కింటి యాదమ్మ.

డెబ్బై ఒకటి దగ్గర ఆగింది.

చర్చి రిజిస్టరు ప్రకారం అక్కకు డెబ్బై మూడు. చిన్న వయసులోనే మిల్లులో చేర్చడానికి, నాన్న అప్పటి పాస్టరును బతిమాలి రెండేళ్లు ఎక్కువ రాయించాడు. ఆ సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను.

సమాధి కాగానే చర్చికి వెళ్లి చూశాను. గంటకు నాలుక లేదు, తాడు లేదు. సెక్రటరీతో బీరువా తాళం తీయించాను. నాలుక దుమ్ము పట్టి అందులోనే ఉంది.

ఎలా మోగిందో ఇప్పటికీ చెప్పలేను. కానీ అన్యాయం అన్యాయమే. ఎందుకు నిరాకరించారని ఇప్పటి పాస్టరుకు మూడు ఉత్తరాలు రాశాను. గంట మోగిన మాట గానీ, వయసు మాట గానీ వాటిలో ఎత్తలేదు. చివరికి జవాబు వచ్చింది:

"అయ్యా, మీకు గంట నిరాకరించడం మా తప్పు. ఆ మధ్యాహ్నం నేను చర్చిలో ఒంటరిగా ఉన్నాను. మీ అక్కగారి వయసును రిజిస్టరులో డెబ్బై ఒకటిగా దిద్దాను. ఎందుకని నన్ను అడగవద్దు."